పెళ్లికొడుకుకి రెండో మంగళస్నానం

చల్లటి నీళ్లను పైపుల్లో తిప్పి పెద్ద పెద్ద భవనాలను చల్లబరిచే యంత్రాలు బిగించడం నా ఉద్యోగం. ఇంజనీరుగా నా ఒక్కదానికే అప్పగించిన మొదటి పని కరీంనగర్‌లో ఒక ఫంక్షన్ హాలు. మండు వేసవిలో అక్కడ తొలి పెళ్లి. ముహూర్తానికి గంట ముందు హాలు యజమాని ఫోన్ చేశాడు.

"మేడం, జర జల్ది రాండ్రి! అందరం ఉడికిపోతున్నం. పెళ్లిపిల్లకు కండ్లు తిరుగుతున్నయట."

పరుగున వెళ్లాను. స్టేజీ పైనున్న పైపులో గాలి ఇరుక్కుని నీళ్లు కదలడం లేదు. "ఎవరూ లేవక్కర్లేదు, చిటికెలో పని" అని ధీమాగా చెప్పి, నిచ్చెన ఎక్కి గాలి వదిలే చిన్న వాల్వు తిప్పాను. అది కాస్తా ఊడి నా చేతిలోకి వచ్చింది! ఇరుక్కున్న గాలితోపాటు పైపులోని నల్లటి నీళ్లు ఎగజిమ్మి, సరిగ్గా కింద పీటల మీదున్న పెళ్లికొడుకు నెత్తిన పడ్డాయి. ఆ రంధ్రానికి వేలు అడ్డంపెట్టి, నా ఉద్యోగం పోయిందనుకుంటూ బిగుసుకుపోయాను.

పెళ్లికొడుకు మొహం తుడుచుకుని పైకి చూశాడు. "మేడం, బంద్ జేయకుండ్రి! గీ ఎండల మస్తు సల్లగున్నది."

నీరసంగా కూర్చున్న పెళ్లికూతురే అందరికంటే ముందు పకపకా నవ్వింది. పంపు ఆపించి వాల్వు బిగించాను. మళ్లీ నడిపేసరికి హాలంతా చల్లబడింది. బట్టలు మార్చుకొచ్చిన పెళ్లికొడుకు ముహూర్తానికే తాళి కట్టాడు.

భోజనాల దగ్గర అతని తల్లి నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "పరేషాన్ గాకు బిడ్డా. మావోనికి మంగళస్నానం రెండుసార్లయింది, గంతే!"

ఇప్పుడు ఎక్కడ వాల్వు తిప్పినా, ముందు కింద ఎవరున్నారో చూస్తాను.