ప్లేకి డబ్బు, పాజ్ ఉచితం

మా కాలేజీ లైబ్రేరియన్ పుల్లయ్య గారు ఏ వీడియోనూ రెండు నిమిషాలకు మించి వరసగా నడవనిచ్చేవారు కాదు. నలభై నిమిషాల వీడియో ఆయన చేతిలో పడితే సోమవారం మొదలై బుధవారం మధ్యాహ్నానికి పూర్తయ్యేది.

ఇబ్రహీంపట్నం దారిలో ఉన్న మా డిగ్రీ కాలేజీలో చేపలు, రొయ్యల పెంపకం కోర్సు పెట్టాక, 2008లో ఒక విదేశీ కంపెనీ దగ్గర పాఠాల వీడియోలకు లైసెన్సు కొన్నాం. ఇంటర్నెట్‌లో చూసుకోవాలి. ఏడాదికి లక్షా ఇరవై వేలు. డిస్కులు ఇవ్వరు, బీరువాలో పెట్టుకోవడానికి ఏమీ ఉండదు, ఏడాది తిరిగితే చూసే హక్కు కూడా పోతుంది. ఆ డబ్బుతో నాలుగు బీరువాల పుస్తకాలు వచ్చేవని ప్రిన్సిపాల్ రాజ్యలక్ష్మి గారు కనబడిన ప్రతివారికీ చెప్పుకుని బాధపడేవారు. ఆ వారమే పుల్లయ్య గారు గోడకు ఒక అట్ట తగిలించారు. ‘ప్లే నొక్కితే డబ్బు. పాజ్ ఉచితం.’

కట్టింది చాలదని, వీడియో నడిచినంతసేపూ కంపెనీవాడి మీటరు తిరుగుతుందని ఆయన చెప్పేవారు. అందుకే నలభై మందినీ లైబ్రరీలో పోగేసి, ఒక్కసారి ప్లే నొక్కేవారు. రెండు నిమిషాలు కాగానే పాజ్. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, ‘ఇప్పుడా పెద్దమనిషి ఏమన్నాడు?’ అని అడిగేవారు. ఎవరూ పలకకపోతే తానే తెలుగులో చెప్పేవారు. తనకూ తెలియకపోతే జువాలజీ లెక్చరర్నయిన నన్ను నిలబెట్టేవారు. నాకూ తెలియని రోజున అందరి ముందూ నిఘంటువు నా చేతికిచ్చేవారు.

విజయవాడలో ఇంగ్లీషు మీడియం చదువుకున్న హేమసుందర్ అనే కుర్రాడికి ఇది ప్రాణసంకటం. పాస్‌వర్డ్ ఇస్తే ఇంట్లో చూసుకుంటానని ఎన్నోసార్లు బతిమాలాడు. పాస్‌వర్డ్ పుల్లయ్య గారి చొక్కా జేబులో ఉండేది, జేబుకి పిన్నీసు ఉండేది. కిటికీలోంచి థర్మల్ స్టేషన్ గొట్టాలు కనబడుతుండగానే మాకు కరెంటు పోయేది. మేమంతా ఉసూరుమంటే, ఇది కూడా పాజేనని ఆయన సంబరపడేవారు. యూనివర్సిటీ నుంచి తనిఖీకి వచ్చిన కమిటీని సైతం పాజ్‌లో ఆగిన ఒక కొర్రమీను తెరిచిన నోటి ముందు గంటసేపు కూర్చోబెట్టారు.

అలాంటి రోజుల్లో గిలకలదిండి నుంచి పేరయ్య అనే చేపల వ్యాపారి వచ్చాడు. ఆయన కూతురు గంగాదేవి రెండో సంవత్సరం చదువుతోంది. పదో తరగతి, ఇంటరు తెలుగులోనే చదివిన పిల్ల.

“క్లాసులో ఏం చెబుతున్నారో పిల్లకి తెలవటం లేదంటండి. ఫోన్ చేసినప్పుడల్లా ఏడుస్తంది. టీసీ ఇప్పించండి, తీసుకుపోతాను.”

టీసీ కావాలంటే లైబ్రరీకి బాకీ లేదన్న కాగితం మీద పుల్లయ్య గారి సంతకం కావాలి. ఆయన రిజిస్టరంతా తిరగేసి, పెదవి విరిచారు.

“మీ అమ్మాయి రొయ్యల వీడియో సగమే చూసిందండీ. మిగతా సగం బాకీ ఉంది. అది చూడకుండా సంతకం కుదరదు.”

పేరయ్య పాపం నమ్మేశాడు. బాకీ త్వరగా తీరుతుందని తానూ వెనక బెంచీలో కూర్చున్నాడు. తెర మీద ఇంగ్లీషు ఆయన ఏదో గడగడా చెబుతుండగా పాజ్ పడింది. పెంకు వదిలేసిన రొయ్య బొమ్మ మీద ఆగింది. ఏమన్నాడని పుల్లయ్య గారు అడిగారు.

“అది మెత్త రొయ్య కదండీ,” అన్నాడు వెనక నుంచి పేరయ్య. కూతురి వైపు తిరిగాడు. “నీకు తెలుసు కదమ్మా, చెప్పవేం?”

గంగాదేవి లేచింది. రొయ్య ఎప్పుడు పెంకు వదులుతుందో, వాళ్ళమ్మ వాటిని బుట్టలో విడిగా ఎందుకు వేస్తుందో మొదట గొణిగి, తర్వాత గట్టిగానే చెప్పింది. ఆ పాజ్ ముప్పావుగంట సాగింది. సాయంత్రం పేరయ్య టీసీ లేకుండానే బస్సెక్కాడు. ఆ వీడియో అయ్యాక ఇంకోటి ఉందని పుల్లయ్య గారు ముందే చెప్పి పంపారు.

మార్చిలో లైసెన్సు మళ్ళీ తీసుకోవాలా వద్దా అని తేల్చడానికి ప్రిన్సిపాల్ గారు ఒప్పంద పత్రం నాకిచ్చారు. చదివి తెల్లబోయాను. ఏడాదంతా ఎంతమందైనా, ఎన్నిసార్లైనా చూసుకోవచ్చట. మీటరూ లేదు, మన్నూ లేదు. ఆయన్ని పట్టేసుకున్నానన్న ఉత్సాహంతో కాగితం ఊపుకుంటూ లైబ్రరీకి వెళ్ళాను. పుల్లయ్య గారు నెమ్మదిగా తలుపు దగ్గరకు వేశారు.

“సంతకం పెట్టిన రోజే చదివానండీ. అర్థం కానివాళ్ళు చెయ్యెత్తండీ అంటే ఎవరెత్తుతారు? ప్లే నడిస్తే డబ్బు పోతుందంటే మాత్రం అందరూ ఆగుతారు. నన్ను పిసినారి అనుకుంటే నాకేం పోయింది?”

నాకు సిగ్గేసింది. పదేళ్ళుగా పాఠం చెబుతున్నా ఆ ఆలోచన నాకు రాలేదు. లైసెన్సు తప్పకుండా కొనాలని ప్రిన్సిపాల్ గారికి రాసిచ్చి, మీటరు సంగతి ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నాను.

మరుసటి ఏడాది అదే వీడియో కొత్త పిల్లలకు వేశారు. ఫైనలియర్‌కి వచ్చిన గంగాదేవి కూడా కూర్చుంది. పుల్లయ్య గారి వేలు పాజ్ మీదికి వెళ్ళకముందే ఆ పిల్ల లేచి నిలబడింది.

“ఆపండి సార్. ఆయన తప్పు చెబుతున్నాడు. అది ఆడ రొయ్య కాదండీ, మగది.”

తెర దగ్గరకు వెళ్ళి చూశాను. మగదే. ఆ వీడియో నేను అప్పటికి ఆరుసార్లు చూశాను.

తప్పుడు రొయ్యను చూపించినందుకు లైసెన్సులో కొంత తగ్గించాలని పుల్లయ్య గారు కంపెనీకి ఉత్తరం రాయించారు. గంగాదేవి చేతే, ఇంగ్లీషులో. దిద్దుతానని నేను అడిగినా కామా కూడా ముట్టుకోనివ్వలేదు. కంపెనీ రూపాయి తగ్గించలేదు. ‘ప్రొఫెసర్ గంగాదేవి గారికి’ అంటూ క్షమాపణ మాత్రం పంపింది.