అరవని ఆమెకు మంచం లేదు

నా చిన్నప్పుడు, అంటే ఎనభైల మొదట్లో, ప్రాణహిత మీద ఇంకా వంతెన లేదు. సిరోంచ చుట్టుపక్కల మా ఊళ్లకు కాన్పు కష్టమైతే ఒక చిన్న దవాఖానే దిక్కు. దాని పేరు చెప్పను. చెప్పినా ఇప్పుడు ఎవరికి సిగ్గు?

మా చిన్నమ్మకు, అంటే మా బాబాయి భార్యకు, నొప్పులు మొదలైతే ఎడ్లబండి కట్టించి తీసుకెళ్లారు. ఇంట్లో నన్ను చూసుకునేవాళ్లు లేక నాయనమ్మ వెంటబెట్టుకుంది. మా తాతయ్యకు పొలాలున్నాయి, అక్కడ అందరూ ఆయన్ని ఎరుగుదురు. అందుకని వెళ్లగానే మంచం దొరికింది. చిన్నమ్మ పైకప్పు ఎగిరిపోయేలా అరిచింది. నర్సు ఆమె పక్కనుంచి కదల్లేదు.

జిమల్‌గట్ట అడవి వైపు నుంచి మాకంటే ముందే వచ్చిన ఒక గోండు ఆమె నొప్పులతో వరండాలో గచ్చు మీద పడుకుని ఉంది. వెంట ఉన్న అత్తకు గోండి తప్ప వేరే మాట రాదు. కోడలేమో కొంగు నోట్లో కుక్కుకుని ఒక్క మూలుగు కూడా బయటికి రానివ్వడం లేదు. వచ్చేపోయే మగవాళ్ల మధ్య ఎట్లా అరుస్తుంది పాపం? నాయనమ్మ పదేపదే వెళ్లి నర్సును పిలిచింది. అరవడం లేదంటే ఇంకా టైం కాలేదని, అడవివాళ్లకు ఇదంతా అలవాటేనని నర్సు తీసిపారేసింది. మాతో వచ్చిన చిన్నమ్మ తల్లి అవునన్నట్టు తలూపింది. నాకు ఒళ్లు మండిపోయింది.

అప్పుడు నాయనమ్మ వరండాలోకి పోయి ఆమె తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కూర్చుని, ఆ నొప్పులేవో తనకే వస్తున్నట్టు గొంతెత్తి అరవడం మొదలుపెట్టింది. ఇంట్లో ఏనాడూ గట్టిగా మాట్లాడని మనిషి! రోగులంతా లేచి వచ్చారు. డాక్టరు చాయ్ గ్లాసుతోనే పరుగెత్తుకొచ్చాడు. ముసలిదానికి పిచ్చి పట్టిందా అని నర్సు కసిరింది.

"నొప్పులు నాయి కాదు బిడ్డా, ఈమెయి. ఈమె అరుస్తలేదని మీరు వస్తలేరు. గందుకే ఈమె కోసం నేను అరుస్తున్న," అంది నాయనమ్మ.

డాక్టరు చూసి, లోపలికి మోయించాడు. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు. జర ముందు తెస్తే బాగుండేదని డాక్టరు గొణిగాడు. ఎక్కడి నుంచి తేవాలి? వరండా నుంచా?

సాయంత్రానికి చిన్నమ్మకు కొడుకు పుట్టాడు. ఇంటికి రాగానే అందరికీ చక్కెర పంచారు. నాయనమ్మ ముట్టలేదు. ఎందుకని నేను అడిగితే, "గా మంచం ఆమెది. ముందుగాల వచ్చింది ఆమెనే," అని అటు తిరిగి పడుకుంది.

ఆనాటి కోపం నాకు ఇంకా చల్లారలేదు, చల్లారాలని కూడా లేదు. మా వాడలో ఎవరికి కాన్పు వచ్చినా దవాఖానకు వెంట వెళతాను. గయ్యాళి ముసలిది వచ్చిందని నర్సులు గొణుక్కుంటారు. గొణుక్కోనీ. నేను నోరు తెరిచేలోపే వాళ్లలో ఒకామె లేచి, వరండాలో ఎవరున్నారో చూసి వస్తుంది.