తొడిమలు తీయడం పని కాదు

ఆ రోజుల్లో నాకు ఇరవై రెండేళ్లే గానీ గొంతు మాత్రం రిటైర్మెంటుకి దగ్గరపడ్డ హెడ్‌మిస్ట్రెస్‌ది. డిగ్రీ అవగానే సత్తెనపల్లి బజారులో, ఎరువుల కొట్టు పక్కనున్న ఒక చిన్న సేవా కేంద్రంలో ఉద్యోగం దొరికింది. పొద్దున్నే నల్లపాడులో రైలెక్కి వెళ్లి, సాయంత్రం దాకా జనం గుర్తింపు కార్డుల్లో వేలిముద్రలు కొత్తగా ఎక్కించడం నా పని. ఒకరి పేరుతో ఇంకొకరు మోసం చెయ్యకుండా ఈ వేలిముద్రే కాపలా అని ట్రైనింగులో చెప్పారు. ఆ కాపలా బాధ్యతంతా నా ఒక్కదాని నెత్తినే పెట్టారనుకుని, వచ్చినవాళ్లనల్లా గదమాయించేదాన్ని. "వేలు గట్టిగా నొక్కండి", "కదపొద్దన్నానా", "ఇంతకీ ఏం పని చేస్తారండీ ఈ చేతులతో?" ఈ మూడు ముక్కలతోనే నా రోజంతా గడిచిపోయేది.

మా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువమంది మిరపకాయలకి తొడిమలు తీసే ఆడవాళ్లు. ఏళ్ల తరబడి ఆ కారం తగిలీ తగిలీ వేళ్ల మీది గీతలు అరిగిపోయి, చర్మం నున్నగా తేలిపోతుంది. మిషను ఎర్రలైటు వేసి ఊరుకుంటుంది. (వాళ్లు వేలు పెట్టిన అద్దాన్ని నా చున్నీతో తుడిచి, అదే చున్నీతో కళ్లు తుడుచుకుని మొదటివారం నేను ఏడవని రోజు లేదు. చూసినవాళ్లు ఈ పిల్లకి ఉద్యోగం పడలేదు పాపం అనుకున్నారు.)

వాళ్లలో ఒక మామ్మ ఉండేది. రెండు కళ్లకీ శుక్లాలు. గుంటూరులో ఆపరేషను చేస్తామన్నారు గానీ, కార్డులో వేలిముద్రలు సరిచేయించుకుని ఆ రసీదు తెస్తేనే పేరు రాసుకుంటామన్నారట. వేలు పడకపోతే కన్ను ఫొటో తీసే మిషను మా దగ్గర ఉంది కదా అని అటు కూర్చోబెడితే, శుక్లాలున్న కన్ను దానికి ఆనలేదు. కన్ను బాగుపడాలంటే వేలు పడాలి, వేలు పడలేదంటే కన్ను బాగుండాలి. ఆ చిక్కులో మామ్మ నా ఎదురుగా కూర్చుని, "ఇంక ఏం పెట్టమంటారు మేడంగారూ, కాలు పెట్టమంటారా?" అనడిగింది. నాకు నవ్వొచ్చినా హోదా అడ్డమొచ్చి నవ్వలేదు.

"వారం రోజులు చేతులతో ఏ పనీ చెయ్యకండి. రోజూ వేళ్లకి వెన్న రాసుకుని రండి" అని పంపాను. వారం తర్వాత వచ్చింది. ఎర్రలైటే. మళ్లీ పంపాను. మళ్లీ వచ్చింది. మళ్లీ ఎర్రలైటే. నాకు ఒళ్లు మండింది.

"పని చెయ్యొద్దని చెప్పానా లేదా?"

"చెయ్యలా మేడంగారూ, ఒట్టు. చేలోకి పోలా, అంట్లు తోమలా, పేడకళ్లు ఎత్తలా. ఊరికే కూర్చోని తొడిమలు తీసుకుంటా ఉన్నా."

"అది పని కాదా?"

"అదేం పనండీ? నీడపట్టున కూర్చోని, నలుగురం కబుర్లు చెప్పుకుంటా తీసేదేగా."

వరసలో ఉన్నవాళ్లందరూ అవునని తలూపారు. చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి అందరికీ వినబడేలా ఒక ఉపన్యాసం ఇచ్చాను. మామ్మ తలొంచుకుని వింది. పోతూ పోతూ, "వచ్చే గురువారం దాకానేనంట మేడంగారూ, ఆపరేషనుకి పేర్లు రాసుకునేది. సోమవారం వస్తా. ఈసారి తొడిమ ముట్టుకుంటే అడగండి" అంది.

ఆ సోమవారానికి ముందు శివరాత్రి, ఆదివారం కలిసొచ్చి నేను మా పిన్ని వాళ్ల ఊరు వెళ్లాను. సోమవారం తిన్నగా అక్కణ్ణుంచే వచ్చి, సీట్లో కూర్చుని మిషను మీద వేలు పెట్టాను. (ఆ సీట్లో ఇంకెవరూ కూర్చోకుండా, పొద్దున్నే ముందు నా వేలిముద్ర పడితేనే కంప్యూటరు తెరుచుకునేది.) ఎర్రలైటు. తుడిచి పెట్టాను. ఎర్రలైటు. పదివేళ్లూ అయిపోయాయి. నేను నేను కాదని మిషను తేల్చి చెప్పింది. మా ఓనరుగారు లేచి వచ్చారు.

"ఏమ్మా, సెలవుల్లో ఏం పని చేశావు చేతులతో?"

"ఏం చెయ్యలేదండీ. ఊరికే మా పిన్నితో కబుర్లు చెప్పుకుంటూ, కళ్లంలో కూర్చుని..."

అక్కడ ఆగిపోయాను. వరసలో అందరికన్నా ముందు మామ్మ ఉంది, రెండు చేతులకీ పాత చీరముక్క చుట్టుకుని.

"తొడిమలు తీశారా మేడంగారూ?" అంది, చాలా మర్యాదగా.

అందరూ పగలబడి నవ్వారు. ఓనరుగారు కూడా నవ్వారు. నాకు మాత్రం మామ్మ చేతుల కట్టు చూడగానే ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుందట. కోడలు అన్నం కలిపి పెట్టిందట. మామ్మకి పక్షవాతం వచ్చిందేమోనని ఇరుగుపొరుగు చూడటానికి వచ్చారట. ఇంత చేసి వస్తే, ఇప్పుడు నా వేలు పడక ఆవిడ పని ఆగిపోయేలా ఉంది.

మామ్మ తడుముకుంటూ బల్ల దాటి వచ్చి నా పక్కన కూర్చుంది. చేతుల కట్టు విప్పి, సంచిలోంచి చిన్న స్టీలు డబ్బా తీసింది. నేను రాసుకోమన్న వెన్నే. నా వేళ్లు ఒక్కొక్కటే పట్టుకుని, చంటిపిల్లకి రాసినట్టు నెమ్మదిగా రాసి, కొంగుతో తుడిచి, "ఇప్పుడు పెట్టండి. గట్టిగా నొక్కండి, కదపమాకండి" అంది. నా మాటలే అవి. ఆవిడ నోట్లో ఎంత మెత్తగా ఉన్నాయో. మూడోసారికి పచ్చలైటు వెలిగింది. తర్వాత మామ్మ వేళ్లు పెట్టింది. మళ్లీ పచ్చలైటే. ఆ పచ్చలైటు ఆవిడకి కనపడలేదు, నేనే చెప్పాను.

ఉగాది దాటాక ఒకరోజు నల్లకళ్లద్దాలు పెట్టుకుని మామ్మ వచ్చింది. అద్దాలు తీసి నన్ను ఎగాదిగా చూసి, "ఇక్కడ పెద్ద మేడంగారు ఉండాలే, ఏరి?" అనడిగింది. నేనేనన్నాను. చాలాసేపు చూసింది. "ఓసి పిచ్చిపిల్లా, నువ్వా నన్నట్టా కసిరింది? మా మనవరాలంత కూడా లేవు గదే" అని నా గడ్డం పట్టుకుంది. ఆ తర్వాత మామ్మ నన్ను మేడమనలేదు. నేనూ ఆ సీట్లో మళ్లీ ఎవరినీ కసరలేదు.

ఆ గొంతుకి తగ్గ వయసు నాకింకా రాలేదు గానీ, సగం దారి వచ్చేశాను. మొన్న ఎండాకాలం, ఏడాదికి సరిపడా కారం పట్టిద్దామని కాయలు తెచ్చి రెండు రోజులు ముందేసుకుని కూర్చున్నాను. మర్నాడు ఎంత నొక్కినా నా ఫోను నన్ను గుర్తుపట్టలేదు. పదేళ్ల మా అమ్మాయి ఫోను లాక్కుని, నా వేలు అటూ ఇటూ తిప్పి చూసి, అచ్చం నా ఒకప్పటి గొంతుతోనే గదమాయించింది.

"ఏం పని చేశావమ్మా ఈ చేతులతో?"

"ఏం చెయ్యలేదే" అన్నాను, ఫ్రిజ్‌లో వెన్న వెతుక్కుంటూ.