దిగువవాడ నీలి తలగుడ్డ

ఫుకికి మనుషులు ముందు తలలుగా పరిచయమవుతారు, ఆ తర్వాతే పేర్లతో. రేవుకి ఎదురుగా, చేపల ఫ్యాక్టరీకి తిరిగే మలుపులో ఉన్న క్షౌరశాల ఆమెది. కత్తెర పట్టి నలభై ఏళ్ళు దాటింది. దిగువవాడలో ఎవరి నడినెత్తిన రెండు సుడులున్నాయో, ఎవరు బట్టతలని పక్క జుట్టుతో కప్పి నెట్టుకొస్తున్నారో ఆమెకి తెలిసినంతగా వాళ్ళ పెళ్ళాలకి కూడా తెలియదు. ఇక గొంతు సంగతి చెప్పనక్కర్లేదు. షాపులో నిలబడి "తర్వాత ఎవరయ్యా" అంటే రేవులో వలలు సర్దుకునేవాళ్ళు కూడా ఉలిక్కిపడి ఇటు చూస్తారు.

ఆ గొంతే ఆమె చేతికి లాంతరు తెచ్చిపెట్టింది. ఈ ఊళ్ళో ప్రతి ఫిబ్రవరిలోనూ పైవాడకీ దిగువవాడకీ మోకు లాగుడు జరుగుతుంది. వరిగడ్డితో పేనిన మోకుని నడివీధిలో మంచు మీద పరిచి మూడు పట్లు లాగుతారు. రెండు పట్లు గెలిచినవాళ్ళకి ఆ ఏడంతా పెత్తనం, ఓడినవాళ్ళకి ఆ ఏడంతా దెప్పిపొడుపులు. చెక్కపీట మీద నిలబడి, లాంతరు ఊపుతూ కేక అందించే మనిషి ప్రతి వాడకీ ఒకరుంటారు. దిగువవాడకి ఆ మనిషి ఫుకి భర్త షోహెయ్. ఆయన పోయాక లాంతరు పట్టగల మగవాడి కోసం వాడంతా వెతికారు. ముందుకొచ్చిన ఇద్దరూ నాలుగు కేకలకే దగ్గు తెరలో కూలబడ్డారు. ఆడమనిషి పట్టుకోవచ్చా అన్న చర్చ చర్చగానే ఉండిపోయింది, లాంతరు మాత్రం ఫుకి చేతిలోకి వచ్చేసింది.

లాంతరు వచ్చింది గాని గెలుపు రాలేదు. ఆమె పీటెక్కిన దగ్గర్నుంచి దిగువవాడ ఒక్క ఏడు కూడా గెలవలేదు. కేకలో లోపం లేదు, లాగే చేతులే లేవు. ఎందుకు లేవో ఆమెకి కుర్చీ దగ్గరే తెలుస్తూ వచ్చింది. ఒకప్పుడు ఆదివారమైతే బడిపిల్లల తలలు వరసకట్టేవి. ఆ పిల్లలు పెద్దవాళ్ళై సెండాయ్‌కీ టోక్యోకీ వెళ్ళి అక్కడే జుట్టు కత్తిరించుకోసాగారు. ఇక్కడున్న నల్ల తలలు నెరిశాయి. నెరిసిన తలలు ఒక్కొక్కటే రావడం మానేశాయి. షాపులో ఉన్న రెండు కుర్చీల్లో ఒకదాని మీద ఆమె దుప్పటి కప్పేసింది.

ఆ దుప్పటి తీయించిన ఘనత ఇండోనేషియా కుర్రాళ్ళది. చేపల పడవల మీద పనికి కొందరు, ఫ్యాక్టరీలో పనికి కొందరు వచ్చి దిగువవాడలో ఖాళీగా పడున్న ఇళ్ళలో దిగారు. మొదటి కుర్రాడు ఫోన్లో ఓ బొమ్మ చూపించి, చెవుల పైన నున్నగా మొదలై పైకి పోయేకొద్దీ ఒత్తవ్వాలన్నాడు. ఫుకికి చెమటలు పట్టాయి. సెలవు రోజంతా వీడియోలు చూసి, మొహమాటపడని పక్కింటి ముసలాయన తల మీద సాధన చేసి మరీ నేర్చుకుంది. ఇప్పుడు జీతాలొచ్చిన వారం ఆమెకి అన్నం తినే తీరిక ఉండదు. చివరికి దిగువవాడ సంఘం అధ్యక్షుడు కుమగాయ్, మునిసిపల్ ఆఫీసులో రిటైరై డెబ్బై దాటిన పెద్దమనిషి, గొంతు సవరించుకుని తనకీ అలాంటిదే కావాలని, కాకపోతే కాస్త మర్యాదగా ఉండాలని అడిగాడు. ఫుకి నవ్వు ఆపుకోలేక కత్తెర కింద పెట్టేసింది.

ఆ కుమగాయే శరదృతువులో పిడుగులాంటి కబురు చెప్పాడు. లాగేవాళ్ళు లేని పోటీ రెండు వాడలకీ పరువు తక్కువట. ఈ ఫిబ్రవరిదే ఆఖరట. వచ్చే ఏటి నుంచి మోకుని ఊరి హాల్లో అద్దాల పెట్టెలో ఉంచుతారట.

"పెట్టెలో పెట్టి చూపించడానికి అదేమన్నా శవమా?" అంది ఫుకి, అందరి ముందూ.

ఆ రోజు నుంచీ ఫుకికి ఒకటే పట్టుదల. పోయేదేదో పోనీ, పోయే ముందు ఒక్కసారి తన కేక మీద దిగువవాడ గెలవాలి.

పండగ రోజు పొద్దున్నే మంచు ఆగి ఎండ వచ్చింది. డోళ్ళు మోగుతున్నాయి, వీధి పొడుగునా అమజాకే అనే తియ్యటి బియ్యం పానకం ఆవిర్లు. పైవాడ పీట మీదకి లాంతరుతో గెన్‌జిరో ఎక్కాడు. సారాకొట్టు గెన్‌జిరో, ఆమె కాపురానికొచ్చిన రోజు నుంచీ ఆమెని ఏడిపించేవాడు.

"ఏమే ఫుకీ, ఈసారైనా మోకు బిగిసేదాకా ఆగుతారా, ముందే వదిలేస్తారా?"

"ముందు నీ మెడ మీద జుట్టు చూసుకో. మీ పైవాడ మంగలి చేశాడో, ఎలుక కొరికిందో తెలీట్లేదు."

రెండు వాడలూ ఘొల్లుమన్నాయి. ఆ నవ్వులు ఆగకముందే గంట మోగింది, ఫుకి "యోయ్‌సా" అని అందుకుంది, ఆమె నాలుగో కేక వెయ్యకముందే దిగువవాడ ముసలాళ్ళంతా బోర్లాపడి మంచులో జారుకుంటూ పైవాడ వైపు వెళ్ళిపోయారు. మొదటి పట్టు పోయింది.

ఫుకికి ఒళ్ళు మండిపోయింది. పీట దిగి, విసురుగా జనంలోకి నడిచింది. అక్కడ వీధి అంచున ఇండోనేషియా వాళ్ళంతా బారుగా నిలబడి చప్పట్లు కొడుతున్నారు. ప్రతి ఏడూ అంతే. వస్తారు, నిలబడతారు, గొంతు పోయేలా అరుస్తారు, మోకు మాత్రం ముట్టుకోరు. వాళ్ళ మతం ఒప్పుకోదేమోనని కొందరు, చేతులకి దెబ్బ తగిలితే ఫ్యాక్టరీ ఊరుకోదేమోనని కొందరు అనుకునేవారు. అడిగితే బలవంతపెట్టినట్టుంటుందని ఎవరూ అడగలేదు. ఇవాళ ఫుకి మర్యాద అయిపోయింది. వాళ్ళలో ముందున్నది వినార్తి. ఫ్యాక్టరీలో ఏడేళ్ళుగా చేపలు కోస్తున్న ముప్ఫై ఏళ్ళ మనిషి, ఈ రేవు యాసని ఈ రేవువాళ్ళకంటే జోరుగా మాట్లాడుతుంది.

"ఏమ్మా వినార్తీ, మా పరువు పోతుంటే చూడ్డానికొచ్చారా అందరూ? ఆ చేతులు మోకు మీద వేస్తే అరిగిపోతాయా?"

వినార్తి చప్పట్లు ఆపేసింది. "మాకెవరూ గుడ్డ కట్టలేదు కదా, పెద్దమ్మా."

"ఏం గుడ్డ?"

"తలగుడ్డ. వాడ పెద్దలు కట్టందే మోకు ముట్టుకోకూడదుగా. ఏటేటా చూస్తూనే ఉన్నాం. మీరు గుడ్డలు పట్టుకుని మా పక్కనుంచే వెళ్తారు. మాకింకా వేళ రాలేదనుకున్నాం."

ఆ నీలి తలగుడ్డ సంగతి దిగువవాడలో ఎవరూ పైకి చెప్పరు. పిల్లలకి ఏడో ఏట తాతలు కడతారు, కోడళ్ళకి అత్తలు కడతారు. కట్టించుకోనివాళ్ళు మోకు మీద చెయ్యి వెయ్యరు. అందరూ తప్పక రావాలని సంఘం ప్రతి ఇంటికీ కబురు పంపుతుంది, ఇండోనేషియా వాళ్ళు తప్పక వస్తున్నారు. ఇంతకంటే పిలిచేదేముందని వాడవాళ్ళు, గుడ్డ కట్టందే ఎలా లాగుతామని వాళ్ళు, ఇన్నేళ్ళూ ఒకరి మర్యాద ఒకరు కాపాడుకుంటూ నిలబడ్డారు. ఫుకి కొండల్లోంచి కోడలిగా వచ్చిన కొత్తలో అత్తగారు రెండు పండగలు దాటనిచ్చి గాని గుడ్డ కట్టలేదు. ఆ రెండు ఫిబ్రవరులూ అమజాకే పళ్ళెం పట్టుకుని, అరచేతులు దురదపెడుతుంటే నిలబడింది. ఆ దురద ఆమెకి ఇప్పుడు మళ్ళీ మొదలైంది. వీళ్ళని ఏడేళ్ళు నిలబెట్టామే అని సిగ్గేసింది.

కుమగాయ్ పరిగెత్తుకొచ్చాడు. ఆయనకి విషయం అర్థమైంది, అభ్యంతరం కూడా వెంటనే దొరికింది. కొత్తవాళ్ళకి కట్టాలంటే సంఘంలో చర్చ జరగాలి, అసలు అన్ని గుడ్డలు లేవు, వచ్చే మీటింగులో చూద్దామన్నాడు.

"వచ్చే మీటింగుకి మోకెక్కడుంటుందండీ? మీ అద్దాల పెట్టెలో."

అంటూనే ఫుకి వెనక్కి వెళ్ళి చెయ్యి పైకి చాచి, పీట పక్కన ఎగురుతున్న దిగువవాడ జెండాని కర్రతో సహా కిందకి లాగింది. రెండు నిలువుల పొడుగు నీలిజెండా అది. అంచుని పళ్ళతో కొరికి చర్రున చింపింది. కుమగాయ్ మొహం పాలిపోయింది. అయినా గబగబా వచ్చి జెండా రెండో కొస పట్టుకున్నాడు.

"ఇటు బిగించి పట్టుకుంటే గాని సూటిగా చిరగదు," అన్నాడు.

ఇక చూడాలి ఆ హడావిడి. కుమగాయ్ చింపుతున్నాడు, ఫుకి కడుతోంది. వంచు తల, వంచు తల అని ఒక్కొక్కరినీ లాక్కుంటోంది. అన్నీ తన చేతికింద పెరిగి తరిగిన జుట్లే. ఎవరి చెవి పైన గుడ్డ జారుతుందో, ఎవరికి వెనక ముడి ఒత్తుకుంటుందో చూడకుండానే చెప్పగలదు. ఆడవాళ్ళ దగ్గరికొచ్చేసరికి తలముసుగు చూసి చేతులాగాయి.

"దీని మీదే కట్టనా?"

"గట్టిగా కట్టు పెద్దమ్మా. ఊడిందంటే ఇంకో జెండా చింపాలి," అంది వినార్తి, ఏడుస్తూ నవ్వుతూ.

రెండో పట్టుకి గంట మోగింది. ఫుకి పీటెక్కి కేక వేసింది. పడవ కుర్రాళ్ళు సముద్రంలో వలలు లాగినవాళ్ళు, పక్కవాడి ఊపిరితో ఊపిరి కలపడం వాళ్ళకి ఒకరు నేర్పాలా? "యోయ్" అన్నప్పుడు అందరూ వంగారు, "సా" అన్నప్పుడు వీధి వీధంతా వెనక్కి ఒరిగింది. గెన్‌జిరో లాంతరు ఊపడం మరిచిపోయాడు. మోకు సరసరా దిగువవాడలోకి వచ్చేసింది. ఫుకి పీట మీద ఎగిరి గంతేసింది. మోకాళ్ళ నొప్పులున్న మనిషి చెయ్యవలసిన పని కాదది.

మూడో పట్టుకి గంట పడింది. దిగువవాడ అప్పటికే మోకు పట్టుకుని ఉంది, పైవాడ ఇంకా చెల్లాచెదురుగా ఉంది. గెన్‌జిరో పీట దిగి, తన వైపు వీధి అంచుకేసి చూస్తున్నాడు. అక్కడ స్ట్రాబెర్రీ తోటల్లో పనిచేసే వియత్నాం వాళ్ళు జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నారు. చటుక్కున నడివీధి దాటి ఫుకి దగ్గరికొచ్చాడు.

"ఫుకీ, కాస్త ఆగుతావా?" అన్నాడు. ఈసారి గొంతులో వేళాకోళం లేదు.

గంట పడ్డాక మోకు పట్టనివాళ్ళు ఓడినట్టే, అది రెండు వాడలూ ఒప్పుకున్న పద్ధతి. ఫుకి ఒక్క కేక వేస్తే చాలు, ఇన్నేళ్ళ కోరిక తీరిపోతుంది. ఇది ఆఖరి ఏడు, మళ్ళీ కావాలన్నా రాదు. వెనకనుంచి కేక వెయ్యవే అని వాడ ముసలాళ్ళు తొందరపెడుతున్నారు. ఆమె లాంతరు ఎత్తింది. వియత్నాం వాళ్ళ వైపు మళ్ళీ ఒకసారి చూసి, దించేసింది.

"త్వరగా కానివ్వు. చింపేటప్పుడు రెండో కొస ఎవర్నైనా పట్టుకోమను."

పైవాడ ఎర్రజెండా చరచరా చిరిగింది.

అలాంటి పట్టు ఆ వీధి ఏనాడూ చూడలేదు. ఇటు ఒక అడుగు, అటు ఒక అడుగు, ఎవరూ తగ్గరు. అరవడంలో ఫుకికి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, గొంతు బొంగురుపోయింది, ఇంత సంతోషం ఈ వయసులో తట్టుకోగలనా అనిపించింది. పోటీలో చేతులు తగ్గుతున్నకొద్దీ ఏటేటా మోకుని సన్నగా పేనుతూ వచ్చారన్న సంగతి ఎవరికీ గుర్తు లేదు. నడిమధ్యన టప్‌మని చప్పుడైంది. గడ్డి దుమ్ము లేచింది. రెండు వాడలూ రెండు వైపులకీ వెల్లకిలా పడ్డాయి, ఆ తోపులాటలో పీట కూడా పడిపోయి ఫుకి వినార్తి పక్కన మంచులో కూలబడింది.

తెగిన మోకు చూసి ఎవరో నవ్వారు, ఆ నవ్వు వీధంతా పాకింది.

వీడ్కోలు ఉపన్యాసం చెయ్యవలసిన కుమగాయ్ మైకు పట్టుకున్నాడు. మంచులో పడున్న నీలి, ఎర్ర తలగుడ్డలకేసి చూశాడు.

"మూడో పట్టు తేలలేదు," అన్నాడు. "తేలని పోటీని ముగించడానికి పద్ధతి ఒప్పుకోదు. కాబట్టి వచ్చే ఫిబ్రవరిలో మళ్ళీ లాగాలి. ఈసారి మోకు రెండింతల లావుండాలి."

అవతలి వైపు పడుకున్నచోటు నుంచే గెన్‌జిరో, గడ్డి ఎంత కావాలన్నా పైవాడ ఇస్తుందని, పేనడానికి దిగువవాడలో మనుషులున్నారా అని కేకేశాడు. ఫుకి బదులివ్వబోయింది. గొంతు పెగల్లేదు. జీవితంలో మొదటిసారి ఆమెకి మాట రాలేదు. పక్కనుంచి వినార్తి లేచి నిలబడి, గుడ్డ సర్దుకుని జవాబిచ్చింది.

"గడ్డి పంపండి చాలు. పేనే చేతులు మావి."