నాన్న పళ్లెం

నిన్న నా కూతురు వేళకు ఇల్లు చేరలేదు, ఫోనూ ఎత్తలేదు. దానికి తీసిపెట్టిన చింతకాయ తొక్కు అన్నం వాసనకు మా అమ్మ గుర్తొచ్చింది.

తెలంగాణ ఉద్యమంలో నాన్న ఎల్బీనగర్ దీక్షా శిబిరంలో కూర్చునేవాడు. లావైంది మాత్రం అమ్మ.

"మీ ఆయనేమో పస్తులుంటుండు, నువ్వేంది గిట్ల లావైతున్నవ్?" అని పక్కింటి అత్త నవ్వేది.

నాకూ అంతుపట్టలేదు. నాన్న మానేసిన తిండి ఎలాగో అమ్మ ఒంట్లోకి పోతోందనుకున్నాను.

దీక్ష ఉన్న రోజు నాన్న తినేవాడు కాదు, పోలీసులు పట్టుకుపోయిన రోజు ఇంటికే వచ్చేవాడు కాదు. అయినా అమ్మ రోజూ ఆయనకు వడ్డించి, గుమ్మం వైపు చూసి చూసి, ఆ పళ్లెం తనే తినేసేది. "పారేస్తే ఆయనకు మంచిది కాదు బిడ్డా" అనేది.

నిన్న తలుపు తీసుకుని కూతురు వచ్చింది.

"అది నా అన్నం కదమ్మా, నువ్వు తింటున్నవేంది?"

దాని మొహంలో అప్పటి నా అయోమయమే. నా చేతిలో ఆఖరి ముద్ద.