బెల్లం నిలబెట్టిన గుండె

మీ పక్కన పనిచేసే మనిషి ఛాతీ పట్టుకుని కూలబడితే, మొదట అతని చేతిలో ఏం పెడతారు?

కాజీపల్లిలోని ఒక మందుల కంపెనీలో మా బావ చేతిలో బెల్లం పెట్టారు. పొడి ఎగిరే విభాగంలో కంపెనీయే రోజూ బెల్లం ముక్కలు పంచుతుంది. ఊపిరితిత్తుల్లో చేరిన దుమ్మును అది కడిగేస్తుందని నమ్మకం. ఛాతీలో ఏ బాధ వచ్చినా అక్కడ మందు అదే. ఆ ఉదయం బావకు గుండెల మీద బస్తా వేసినట్టయిందట. తోటివాళ్లు బెల్లం తినిపించి, నీళ్లు తాగించి, నీడన పడుకోబెట్టారు. షిఫ్టు ముగిశాక కంపెనీ బస్సెక్కి బీరంగూడలోని ఇంటికి వచ్చాడు.

నేను అప్పుడు అక్కావాళ్లింట్లోనే ఉన్నాను. చొక్కా తడిసి అతని ఒంటికి అతుక్కుపోయింది. ఎడమ చెయ్యి పిసుక్కుంటున్నాడు.

"లే బావా, దవాఖానకు పోదాం."

"గ్యాసే బామ్మర్దీ. ఇగ నీ ఉపన్యాసం షురూ చెయ్యకు."

"గ్యాస్‌కు చెయ్యి గుంజుతదా?"

"డ్రమ్ములు మోసిన చెయ్యి, గుంజదా మరి?"

అక్క చెప్పులు తెచ్చి అతని ముందు పడేసింది. "అద్దంల నీ మొఖం సూస్కున్నవా? నడువ్!"

నేను అంబులెన్సుకు ఫోన్ చేశాను.

గుండెకు రక్తం అందించే నాళం పూడిపోయిందన్నారు దవాఖానలో డాక్టర్లు. దాన్ని తెరిచారు గానీ అప్పటికే ఆలస్యమైంది. గుండె ఎడమ గది గోడలో కొంత కండరం చచ్చిపోయింది.

ఇంటికి తెచ్చాక మంచం పక్కన కూర్చుని అతనికి చెప్పాను. గుండె పిడికిలంత కండ. కుడి సగం వాడిన రక్తాన్ని ఊపిరితిత్తులకు పంపుతుంది. అక్కడ ప్రాణవాయువు నింపుకుని వచ్చిన రక్తాన్ని ఎడమ సగం ఒళ్లంతా తోస్తుంది.

"లోపల నిండ రక్తమే ఉంటే, గుండెకు రక్తం అందకపోవుడేంది?" అన్నాడు.

"మీ కంపెనీ పంపు నిండ నీళ్లున్నా, కరెంటు తీగ తెగితే తిరుగుతదా? లోపలి రక్తం ఒంటికి పోయేది. గుండె కండకు కావాల్సింది పైనుంచి సన్నటి నాళాలల్ల రావాలె. గవి మూసుకపోతే కండ సస్తది. సచ్చినంక మళ్ల మొలవది."

బావ మందుల చీటీ అందుకుని చూసుకున్నాడు. అర్థమైందనుకున్నాను.

ఆదివారం తోటి కార్మికులు చూడటానికి వచ్చారు. అరటిపండ్లతో పాటు ఒక బెల్లం అచ్చు తెచ్చారు. "అన్నా, ఆ దినం బెల్లం పెట్టినం గాబట్టే దవాఖాన దాంక నిలిచినవ్" అన్నాడొకతను. బావ అవునన్నట్టు తలూపాడు. నా వైపు మాత్రం చూడలేదు.

తాయెత్తుల మీద, బాబాల మీద ఎన్నో వేదికలెక్కి వాదించాను. ఈ బెల్లంలో దేవుడు కూడా లేడు. కంపెనీ పంచుతుంది కాబట్టి అది శాస్త్రమైపోయింది. బెల్లం తిని కూడా పోయినవాళ్లు తిరిగొచ్చి కాదనరు. బతికినవాడొక్కడే సాక్షి, అతను బెల్లం తరఫునే చెబుతాడు. ఏ వాదం దీన్ని గెలుస్తుంది? బావ ఇప్పుడు ఇంటి మెట్ల మధ్యలో ఊపిరాడక కూర్చుండిపోతాడు. అయినా మళ్లీ అదే విభాగంలో చేరతానంటున్నాడు. అచ్చులోంచి ఒక ముక్క విరిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు, సరిగ్గా ఆ గుండె మీదే.

ఒప్పించే శక్తి నాలో మిగల్లేదు. నన్ను నమ్మకండి, ఫర్వాలేదు. కానీ పక్కవాడు ఛాతీ పట్టుకున్న క్షణాన ఆ బెల్లం అవతల పారేయండి. అంబులెన్సు పిలవండి. ఎక్కనంటే ఎత్తి ఎక్కించండి.