గాలి రోజుల్లో రానివాళ్ళు

డొరీన్ పార్డీకి అంకెలన్నీ మనుషులే. పట్టికలో ఒక్క గడి ఖాళీగా కనబడితే చాలు, బడికెళ్ళిన పిల్ల ఇంకా ఇల్లు చేరనట్టు కాలు నిలవదు. న్యూఫౌండ్‌లాండ్ తీరంలోని ఆ చిన్న ఆసుపత్రిలో, ఏ జబ్బు ఎక్కడ ఎందుకు వస్తోందో లెక్కగట్టి డాక్టర్లకు చెప్పడం ఆమె పని. టీలో డబ్బాపాలు పోసుకుంటుంది, తాగడం మరిచిపోతుంది, చల్లారాక తనను తానే తిట్టుకుంటూ తాగుతుంది.

మార్చిలో ఒకరోజు పెద్ద డాక్టరు హౌన్సెల్ ఆమె గదికి వచ్చాడు.

"టర్న్ ద్వీపం వాళ్ళకి పిల్లలంటే లెక్కలేదు డొరీన్. మూడుసార్లు రాకపోతే పేరు కొట్టేయాలని రూలు. ఆ బ్రైడ్ కీఫ్ కొడుకు లియో, గుండెలో రంధ్రం ఉన్నవాడు, అప్పుడే రెండుసార్లు ఎగ్గొట్టాడు."

"ఆర్నెల్లవాడు ఎగ్గొట్టాడా? గట్టివాడే."

డాక్టరు నవ్వలేదు. పేరు కొట్టేస్తే గుండె డాక్టరు మళ్ళీ దొరకడానికి ఏడాది పడుతుంది. అది ఇద్దరికీ తెలుసు.

ద్వీపం నుంచి రానివాళ్ళందరినీ డొరీన్ తేదీలవారీగా పేర్చి చూసింది. అశ్రద్ధే అయితే ఒక్కో ఇల్లు ఒక్కో రోజు మరిచిపోవాలి. ఇక్కడ ద్వీపమంతా ఒకేరోజు మరిచిపోతోంది, మర్నాడు అందరికీ గుర్తొస్తోంది. ఆసుపత్రి కంప్యూటరుకేమో 'వచ్చారు', 'రాలేదు' అనే రెండు మాటలే వచ్చు. ఎందుకు రాలేదో రాసే చోటే లేదు.

ఆమె బ్రైడ్‌కు ఫోను చేసింది.

"గాలికి పడవ కట్టేశారు తల్లీ. బిడ్డని చుట్టుకుని పొద్దంతా రేవులోనే కూచున్నా. మీకు ఫోను చేస్తే మిషను మాట్లాడింది. దానికి గాలి సంగతి ఏం చెప్పను?"

పడవ ఆగిన రోజుల జాబితా తెప్పించి తన తేదీలతో పోల్చి చూస్తే, ఒకటి రెండు తప్ప అన్నీ కలిశాయి.

"శుక్రవారం మీటింగులో చెప్పు, చూద్దాం," అన్నాడు హౌన్సెల్ ఆ లెక్క చూసి.

ఏ ఏర్పాటైతే వాళ్ళకు వీలో అడిగి తెలుసుకుందామని డొరీన్ బుధవారమే ద్వీపానికి వెళ్ళింది. బ్రైడ్ వేయించిన రొట్టె మీద బెల్లపు పాకం పోసి పెట్టింది. తింటున్నంతసేపూ డొరీన్ చూపు తల్లి ఒళ్ళోని లియో పెదవుల మీదే ఉంది, నీలంగా మారుతున్నాయేమోనని.

శుక్రవారం పొద్దున డొరీన్ మీటింగుకు తిరిగి బయల్దేరబోతుంటే గాలి లేచింది. పడవ కట్టేశారు. ఆసుపత్రికి ఫోను చేస్తే మిషను మాట్లాడింది.

"చెప్పండి తల్లీ, దానికి గాలి సంగతి బాగా చెప్పండి," అంది బ్రైడ్, నవ్వాపుకోలేక.

సోమవారం హౌన్సెల్ మీటింగు కాగితం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. అందులో 'డొరీన్ పార్డీ: రాలేదు' అని ఉంది.

"ఇంకో రెండుసార్లయితే నీ పేరూ కొట్టేసేవాళ్ళం," అని కాసేపు కిటికీలోంచి నీళ్ళకేసి చూశాడు. "సరే, ఏం చేయమంటావో చెప్పు."

ఆ వారం నుంచి ద్వీపం వాళ్ళకు ముందుగా తేదీలివ్వడం మానేశారు. పడవ విప్పిన పొద్దున ఆసుపత్రే ఫోను చేసి రమ్మంటుంది. కంప్యూటరుకు మూడో మాట నేర్పారు: 'పడవ లేదు'.

ఏప్రిల్లో లియో వచ్చాడు. రంధ్రం కాస్త చిన్నదైందన్నాడు గుండె డాక్టరు. డొరీన్ ఆ గడిలో 'వచ్చాడు' అని తనే టైపు చేసి, చల్లారిన టీ తాగింది. ఆ పూట తిట్టుకోలేదు.